డెల్టా ఇళ్ళలో కుండీ మొక్కలు: తక్కువ ఖర్చుతో తగిన మట్టి మిశ్రమం

కుండీలలో పెంచే మొక్కలకు మట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి వాడాలన్నది ఉద్యాన గ్రంథాలలో చిరకాలంగా కనిపించే సూచన. కరపత్రాలలోను, శిక్షణ తరగతులలోను, ఆకాశవాణి ప్రసంగాలలోను ఇదే వినిపిస్తుంది. గుర్తుంచుకోవడానికి తేలిక, మూడు సరుకులూ ఊళ్ళోనే దొరుకుతాయి. కాని దిగువ కృష్ణా డెల్టాలో, అంటే గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాలలో, ఈ సూచనను ఉన్నదున్నట్లుగా పాటించిన ఇళ్ళలో ఫలితం చాలాసార్లు ఒకే తీరుగా ఉంటుంది. నర్సరీ నుండి తెచ్చిన నాడు నిగనిగలాడిన మొక్క రెండు మూడు నెలలు నిలకడగా ఉంటుంది. తరువాత అడుగు ఆకులు పసుపు రంగుకు మారుతాయి, ఆకుల కొనలు మాడుతాయి, మొదలు మెత్తబడుతుంది. నీరు చాలలేదేమోనని మరికొంత పోస్తారు. మొక్క చనిపోతుంది. మొక్కలు తమ చేతికి రావని ఆ ఇంటివారు నిర్ణయానికి వస్తారు, లేదా దూరప్రాంతాల నుండి వచ్చే పాటింగ్ మిక్స్ సంచులను అధిక ధరకు కొనడం మొదలుపెడతారు.

లోపం ఇంటివారి చేతిలో లేదు. పుస్తకంలో ‘మట్టి’ అన్నచోట రచయిత మనసులో ఉన్నది ఎర్ర గరప నేల. ఆ నేల స్వతహాగా గుల్లగా ఉంటుంది కనుక దానికి ఇసుక, ఎరువు చేరిస్తే సరిపోతుంది. 1930వ దశకంలో ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థలో విలియం లారెన్స్, జాన్ నెవెల్ అనే ఇద్దరు కుండీ మిశ్రమాలను క్రమబద్ధం చేసి, 7 పాళ్ళు గరప మట్టి, 3 పాళ్ళు పీట్, 2 పాళ్ళు ముతక ఇసుక అన్న కొలతను నిర్ణయించారు. ప్రపంచమంతా వాడిన ఆ కొలతలో కూడ మట్టి అంటే పచ్చిక బయళ్ళ నుండి చెక్కి తీసి, దొంతరలుగా పేర్చి మాగబెట్టిన గరప మట్టి. కృష్ణ ఒడ్డున ఉన్న నల్లరేగడికి ఆ లెక్క వర్తించదు. వరికి ఎంత అనుకూలమో, నీడలో ఉండే కుండీకి ఆ నేల అంత ప్రతికూలం. అదే వరి పంట మిగిల్చే ఊకతో మాత్రం ఈ ప్రాంతానికి సరిపడే చవకైన మిశ్రమం తయారవుతుంది. అయితే దానికొక షరతు ఉన్నది: ఉప్పును అదుపులో ఉంచాలి.

రేగడి కుండీలో ఏమవుతుంది?

డెల్టా రేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. ఆ బంకమన్ను తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. వరిమడిలో ఇది గుణమే. దమ్ము చేసిన పిదప నీరు కిందికి ఇంకిపోకుండా నిలబడుతుంది. ఇంటి లోపలి కుండీలో పరిస్థితి వేరు. అక్కడ ఎండ లేదు, గాలి కదలిక తక్కువ, మొక్క పీల్చుకొనే నీరు బహు స్వల్పం. మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, అగ్లోనిమా, జెడ్‌జెడ్ వంటి మొక్కల వేళ్ళకు నీటికంటే ముందు గాలి కావాలి. రేగడి నిండిన కుండీలో గాలికి చోటుండదు. పిథియం వంటి తెగులు కారకాలకు అది అనువైన స్థలం. వేరుకుళ్ళు తెగులు అక్కడ మొదలవుతుంది.

దీనికి వ్యతిరేక దిశలోనూ ఒక చిక్కు ఉన్నది. సెలవులకు ఊరు వెళ్ళి వచ్చేసరికి కుండీ ఎండిపోతే మట్టి ముడుచుకొని కుండీ గోడకు దూరంగా జరుగుతుంది. అప్పుడు పోసిన నీరు ఆ సందులో నుండి జారి నేరుగా అడుగు పళ్ళెంలోకి చేరుతుంది. పళ్ళెం నిండినది కనుక మొక్క తాగినదని ఇంటివారు భావిస్తారు. మట్టి గడ్డ నడిమి భాగం మాత్రం పొడిగానే ఉంటుంది.

ఇసుక కలిపితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సమపాళ్ళలో కలిపిన ఇసుక రేణువుల మధ్య ఖాళీలను బంకమన్ను పూడ్చివేస్తుంది. ఆరిన తరువాత అది ఇటుక వలె గట్టిపడుతుంది. రేగడి స్వభావం మారాలంటే మిశ్రమంలో ముప్పాతిక భాగానికి మించి ముతక ఇసుకే ఉండాలి. అప్పుడు దానిని మట్టి మిశ్రమం అనడంకంటే ఇసుక మిశ్రమం అనడమే సబబు; బరువు కూడ మోయలేనంత. 12 అంగుళాల కుండీలో తడిసిన రేగడి ఒక్కటే 25 కిలోలకు తగ్గదు. మేడ మీది ఇళ్ళలో ఇది చిన్న విషయమేమీ కాదు.

కుండీ అడుగున గులకరాళ్ళో, పెంకులో పరిస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం కూడ విస్తారంగా ఉన్నది. ఇది నిజం కాదు. ఏ కుండీలోనైనా అడుగున కొంత మేర మిశ్రమం నీటితో నిండిపోయి ఉంటుంది. భూమ్యాకర్షణ ఒక్కటే ఆ నీటిని బయటకు లాగలేదు. పాత్రలు తోమే స్పాంజిని పూర్తిగా తడిపి, అడ్డంగా పట్టుకొని, కారడం ఆగిన తరువాత నిలువుగా తిప్పితే మళ్ళీ నీరు కారుతుంది. ఎత్తు పెరిగినకొద్దీ నీరు దిగుతుంది. ఎత్తు తగ్గితే నిలుస్తుంది. గులకరాళ్ళు పరిచినప్పుడు మిశ్రమం ఎత్తు తగ్గి, ఆ తడి పొర వేళ్ళకు మరింత దగ్గరగా పైకి జరుగుతుంది. అడుగు రంధ్రం నుండి మట్టి జారకుండా ఒక పెంకు ముక్కో, నైలాన్ వల ముక్కో చాలు. ఇదే కారణంగా పొట్టి కుండీలకు మరింత గుల్లగా ఉండే మిశ్రమం అవసరమవుతుంది.

మిశ్రమంలో గాలి ఎంత ఉన్నదో ఇంట్లోనే కొలవవచ్చు. 8 అంగుళాల కుండీలో సుమారు 5 లీటర్లు పడుతుంది. కుండీ రంధ్రాలను బయటి నుండి టేపుతో గట్టిగా మూసి, చెమ్మగా ఉన్న మిశ్రమాన్ని నింపి, నీరు పైన మెరిసే వరకు నెమ్మదిగా పోయాలి. అరగంట ఆగి, కుండీని ఒక బేసిను పైన ఎత్తి ఉంచి టేపు తీసివేయాలి. కారిన నీటిని కొలిస్తే, అదే వేళ్ళకు మిగిలే గాలి చోటు. 5 లీటర్ల కుండీ నుండి ముప్పావు లీటరు నీరు కారితే 15 శాతం గాలి ఉన్నట్లు. ఇంటి మొక్కలకు 10 నుండి 20 శాతం వరకు మంచిది. రేగడి ఎక్కువగా ఉన్న మిశ్రమం నుండి గంట గడిచినా కొద్ది చెంచాల నీరే కారుతుంది. మిశ్రమం అమ్మేవారి మాటకంటే, సంచి మీది బొమ్మకంటే ఈ పరీక్ష నమ్మదగినది.

గుడివాడ ఊక

గుడివాడ పరిసరాలలో రైసు మిల్లులకు కొదువ లేదు. ధాన్యం బరువులో దాదాపు ఐదవ వంతు ఊకగా బయటకు వస్తుంది. బాయిలర్లకు, ఇటుక బట్టీలకు ఇంధనంగా అమ్ముడవుతుంది కనుక ఊక పూర్తిగా ఉచితమని చెప్పలేము. అయినా ఒక ఇంటికి కావలసిన రెండు మూడు గోనెసంచుల ఊక ఖరీదు, అదే పరిమాణంలో పెర్లైట్ ఖరీదుతో పోల్చదగినది కాదు. పెర్లైట్ అగ్నిపర్వత శిలను అధిక ఉష్ణోగ్రతలో పొంగించి తయారుచేసే పదార్థం. కుండీలో అది చేసే పని గాలికి చోటివ్వడమే. ఆ పనిని ఊక కూడ చేస్తుంది. అమెరికాలో ఉప్పుడు బియ్యం మిల్లుల ఊకను పెర్లైట్‌కు బదులుగా నర్సరీలలో వాడుతున్నారు. జపానులో కాల్చిన ఊకను ‘కుంతాన్’ అని పిలుస్తారు. నారుమళ్ళలో దాని వాడకం అక్కడ పాత సంప్రదాయం. ఊకలో సిలికా అధికం కనుక త్వరగా కుళ్ళదు. ఏడాది, రెండేళ్ళ వరకు తన ఆకారాన్ని నిలుపుకొంటుంది.

పచ్చి ఊకను నేరుగా కుండీలో కలపడంలో కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. అందులో తాలు గింజలతో పాటు మంచి ధాన్యం గింజలూ ఉంటాయి. నెల తిరగకముందే మనీప్లాంట్ చుట్టూ వరినారు లేస్తుంది. పురుగు కూడ రావచ్చు. అంతేగాక పచ్చి ఊక పైపొర నునుపుగా ఉండి నీటిని నిలుపుకోదు. అందుచేత ఊకను తడిపి, గోనెపట్టా కింద కుప్పగా వేసి, వారానికొకసారి తిరగవేస్తూ నెల రోజులు ఉంచితే గింజలు మొలిచి చచ్చిపోతాయి. ఊక కూడ మెత్తబడుతుంది. స్థలం, సమయం ఉన్నవారికి ఇది చాలు.

ఇంతకంటే మేలైనది కాల్చిన ఊక. దీనిని బూడిదతో పొరపాటు పడరాదు. ఒక పాత నూనె డబ్బాకు ప్రక్కల అంతటా మేకుతో రంధ్రాలు చేసి, పైన మీటరు పొడవు గల రేకు గొట్టాన్ని పొగగొట్టంగా అమర్చాలి. ఎండుపుల్లలతో చిన్న మంట వేసి దానిపై డబ్బాను బోర్లించి, చుట్టూ ఊకను శంకువు ఆకారంలో పోయాలి. మంట ఊకకు నేరుగా తగలదు. వేడి లోపలి నుండి బయటకు పాకుతుంది. కుప్ప పైభాగంలో నల్లని మచ్చలు కనిపించగానే బయటి ఊకను పారతో లోపలి వైపుకు తోస్తూ ఉండాలి. రెండు మూడు గంటలలో కుప్ప అంతా నల్లబడుతుంది. ఆ క్షణంలో ఆలస్యం చేయకుండా కుప్పను పలుచగా లాగి, నీటితో పూర్తిగా తడపాలి. పైకి చల్లారినట్లు కనిపించినా లోపల నిప్పు ఉంటుంది. మరునాటికి అంతా తెల్ల బూడిదగా మారిన సందర్భాలు ఎన్నో. పొలంలోనో, ఖాళీ స్థలంలోనో గాలి లేని వేళ చేయవలసిన పని ఇది. అపార్టుమెంటు డాబాల మీద చేయదగినది కాదు.

మిల్లు బాయిలర్ నుండి వచ్చే నల్ల బూడిదను కొందరు కాల్చిన ఊక పేరుతో అమ్ముతారు. అందులో ఆకారం చెడని నల్లటి ఊక కొంత ఉన్నా, మెత్తని బూడిద పాలు ఎక్కువ. అది ఖాళీలను పూడ్చివేస్తుంది; క్షారగుణం కలది. డెల్టా మట్టి ఉదజని సూచిక అసలే 7.5 దాటి ఉంటుంది. దానికి బూడిద తోడైతే మొక్కకు ఇనుము అందక, లేత ఆకులు ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి పాలిపోతాయి. అటువంటి సరుకును జల్లెడ పట్టి, జల్లెడలో నిలిచిన దానిని కడిగి వాడవచ్చు. కిందికి రాలిన పొడిని వాడకపోవడం మంచిది.

ఉప్పు అసలు శత్రువు

మచిలీపట్నంలో ఇళ్ళ గోడల అడుగు భాగం చూస్తే చాలు, సమస్య ఏమిటో తెలుస్తుంది. సున్నం వేసిన ఏడాదికే పెచ్చులూడి, తెల్లని పొడి బయటకు వస్తుంది. గోడలోకి పాకిన చెమ్మ ఆరిపోగా మిగిలిన ఉప్పు అది. కుండీలో జరిగేదీ అదే. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది.

ఒక చిన్న లెక్క వేస్తే దీని తీవ్రత అర్థమవుతుంది. లీటరుకు 1500 మిల్లీగ్రాముల లవణాలు గల బోరు నీటిని 8 అంగుళాల కుండీకి వారానికి ఒక లీటరు చొప్పున పోస్తున్నారనుకుందాం. ఏడాదిలో 52 లీటర్లు. అడుగు నుండి నీరు కారకుండా జాగ్రత్తగా పోసేవారైతే, ఆ 5 లీటర్ల మిశ్రమంలో ఏడాది చివరకు చేరే లవణాలు 78 గ్రాములు. చిన్న చెంచాతో కొలిస్తే పదికి పైగా చెంచాలు. మిశ్రమం ఎంత మంచిదైనా ఈ భారాన్ని మొక్క మోయలేదు. నేల చిమ్మిన చోట మరక పడకూడదని పళ్ళెంలోకి నీరు దిగకుండా కొద్దికొద్దిగా పోసే ఇళ్ళలోనే స్పైడర్ ప్లాంట్ ఆకుల కొనలు ముందుగా మాడడానికి కారణం ఇదే.

ఉప్పు నీటి ద్వారానే కాదు, మిశ్రమంలోని ప్రతి సరుకు ద్వారాను వస్తుంది. మంగినపూడి తీరం నుండి తెచ్చిన ఇసుక ఉచితమే; అందులో ఉప్పుతో పాటు గవ్వల సున్నం కూడ ఉంటుంది. రొయ్యల చెరువు బురద సారవంతమని ఎవరైనా ఇచ్చినా తీసుకోరాదు. కోళ్ళ ఎరువులో లవణాలు ఎక్కువ. కాలువలను కమ్మిన గుర్రపుడెక్కను పేడతో కలిపి మూడు నెలలు మాగబెడితే చక్కని కంపోస్టు తయారవుతుంది. అయితే పొటాషియం అధికం కనుక మిశ్రమంలో ఐదవ వంతుకు మించరాదు. పట్టణపు మురుగు కలిసే కాలువల నుండి తీసిన డెక్కను ఇంటి లోపలికి తేవద్దు.

కోకోపీట్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇది పీట్ కాదు. పీట్ చిత్తడి నేలలలో వేల ఏళ్ళుగా పోగుపడిన నాచు. కోకోపీట్ కొబ్బరి డొక్క నుండి పీచు తీయగా మిగిలే పొట్టు. పీచు తీయడానికి డొక్కలను ఉప్పుటేరుల నీటిలో నానబెట్టిన చోట పొట్టులోకి సోడియం చేరుతుంది. పొటాషియం అందులో సహజంగానే ఉంటుంది. మూడుసార్లు మంచినీటిలో నానబెట్టి పిండితే విడిగా ఉన్న ఉప్పు పోతుంది. పొట్టు పట్టి ఉంచిన సోడియం మాత్రం వట్టి నీటికి వదలదు. పలుచని కాల్షియం నైట్రేటు ద్రావణంలో ఒక రాత్రి ఉంచితే కాల్షియం ఆ చోటును ఆక్రమించి సోడియాన్ని బయటకు నెడుతుంది. తరువాత ఒకసారి కడగాలి. ఈ పని ముందే చేసిన దిమ్మెలు కూడ బజారులో ఉంటాయి. ధర కాస్త ఎక్కువైనా ఇంట్లో మంచినీరు కరువైన చోట అవే లాభం.

జిప్సం వేస్తే ఉప్పు పోతుందన్న అభిప్రాయం రైతు కుటుంబాల నుండి పట్టణాలకు వచ్చిన ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. జిప్సం పని చేసేది కారుచౌడులో, అంటే సోడియం మట్టి రేణువులకు అంటిపెట్టుకొని ఉన్న నేలలో. పాలచౌడుకు మందు మంచినీటితో కడగడమే. దివిసీమ రైతులకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత సముద్రపు నీరు నిలిచిన పొలాలు తిరిగి దారికి వచ్చినది వానలతోను, కాలువ నీటితోను ఉప్పు కడిగినందువల్లనే. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధనా స్థానం చౌడును తట్టుకొనే వరి రకాలపై కృషి చేస్తున్నది. కుండీలో పెంచే అగ్లోనిమాలో అటువంటి రకం లేదు. కనుక అక్కడ కడగడం తప్ప మార్గం లేదు.

ఉప్పును కొలవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. శుద్ధజల యంత్రాలు వాడే ఇళ్ళలో టి.డి.ఎస్. పెన్ ఉంటుంది. ఒక గ్లాసు మిశ్రమానికి రెండు గ్లాసుల వాననీరు కలిపి, బాగా కదిపి, అరగంట ఆగి, గుడ్డతో వడకట్టి ఆ నీటిని కొలవాలి. అందులో నుండి వాననీటి విలువను తీసివేయాలి. మిగిలిన సంఖ్య 400 లోపు ఉంటే ఇంటి మొక్కలకు భయం లేదు. 600 దాటితే కడగాలి. పెన్నుల గుణకాలలో కొద్దిపాటి తేడాలుంటాయి కనుక వీటిని ఉజ్జాయింపుగా తీసుకోవాలి. కచ్చితమైన విలువ కావాలంటే భూసార పరీక్షా కేంద్రాన్నిగాని, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలనుగాని సంప్రదించవచ్చు. పెన్ లేనివారికి పెసలు ఉన్నాయి. పది పెసలను కొత్త మిశ్రమంలోను, పది పెసలను కడిగిన ఏటి ఇసుకలోను విత్తి వారం రోజులు చూడాలి. పెసర ఉప్పును ఓర్వలేని పైరు. ఇసుకలో తొమ్మిది మొలిచి మిశ్రమంలో ఐదే మొలిస్తే, లేదా మొలిచిన ఆకుల అంచులు మాడితే, ఆ మిశ్రమంలో ఉప్పు ఉన్నట్లో, ఎరువు పూర్తిగా చివకనట్లో అనుకోవాలి.

నీటి ఎంపిక కూడ మిశ్రమం ఎంపికలో భాగమే. కాలువ నీటితో నింపిన చెరువుల నుండి వచ్చే పురపాలక నీరు బోరు నీటికంటే ఎంతో మేలు. వాననీరు అన్నింటికంటే ఉత్తమం. ఏ.సి. యంత్రం నుండి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో కాలువలు కట్టేసిన రోజులలో ఇంటి మొక్కలకు అది చాలు. శుద్ధజల యంత్రం వదిలే వ్యర్థజలాన్ని మాత్రం కుండీలకు పోయరాదు. నీరు వృథా కారాదన్న సదుద్దేశంతో చాలామంది చేసే పొరపాటు ఇది. యంత్రం తీసివేసిన ఉప్పంతా ఆ నీటిలోనే ఉంటుంది.

ఏ ఊరికి ఏ పాళ్ళు

కొలత బరువుతో కాక ఘనపరిమాణంతో, అంటే డబ్బాలతో చేయాలి. గుడివాడ ప్రాంతానికి కాల్చిన ఊక 2 డబ్బాలు, కడిగిన కోకోపీట్ 1 డబ్బా, మట్టి 1 డబ్బా, వర్మీకంపోస్టు లేదా పూర్తిగా చివికి జల్లించిన పశువుల ఎరువు 1 డబ్బా చొప్పున కలిపితే చాలా రకాల ఆకు మొక్కలకు సరిపోతుంది. పది లీటర్ల మిశ్రమానికి ఒక గుప్పెడు వేపపిండి చేర్చవచ్చు. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్, కలబంద వంటి వాటికి కోకోపీట్ మానివేసి, దాని స్థానంలో శనగగింజ పరిమాణంలో కొట్టిన ఇటుక ముక్కలు వేయాలి. ఎరువు సగానికి తగ్గించాలి. ఇటుక కొత్తదై ఉండాలి. కూల్చిన పాత ఇళ్ళ ఇటుకలో గోడకు పట్టిన ఉప్పు, సున్నం రెండూ ఉంటాయి.

పైన చెప్పిన ఒక డబ్బా మట్టి ఏదన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. నూజివీడు, ఆగిరిపల్లి మెట్టల ఎర్రమట్టి దొరికితే మేలే. కాని ఎర్రమట్టి సర్వరోగ నివారిణి కాదు. ఊక లేకుండా అది ఒక్కటే నింపితే ఇంటి లోపలి కుండీలో అదీ గట్టిపడుతుంది. అవనిగడ్డ, మోపిదేవి వైపు వారికి లంక భూముల ఒండ్రు అందుబాటులో ఉంటుంది. రేగడికంటే అది తేలికైనది. అరటి, పసుపు, కూరగాయలు పండే ఆ మట్టి కుండీ మిశ్రమానికి బాగా పనికివస్తుంది. ఆటుపోట్ల నీరు చేరే దిగువ లంకల మట్టి వద్దు. నాగాయలంక, కోడూరు వైపు సముద్రానికి దగ్గరలో ఉన్నవారు, మచిలీపట్నం వాసులు మట్టిని పూర్తిగా మానివేసి ఊక, కోకోపీట్, కంపోస్టులతోనే మిశ్రమం చేసుకోవడం క్షేమం. మట్టి లేని మిశ్రమంలో పోషకాల నిలవ తక్కువ కనుక 19-19-19 ఎరువును లీటరు నీటికి 1 గ్రాము చొప్పున నెలకొకసారి ఇవ్వాలి. నీడ ఎక్కువగా ఉన్న గదులలో రెండు నెలలకొకసారి చాలు.

ఖర్చు ఎంత తగ్గుతుందో చూడవచ్చు. 8 అంగుళాల కుండీలు పది ఉన్న ఇంటికి సుమారు 50 లీటర్ల మిశ్రమం కావాలి. కలిపినప్పుడు పరిమాణం కొంత తగ్గుతుంది కనుక 55 లీటర్ల సరుకు సిద్ధం చేసుకోవాలి. అందులో 22 లీటర్లు ఊక. 11 లీటర్లు మట్టి. వీటికయ్యేది స్వల్ప ఖర్చే. కొనవలసినవి 650 గ్రాముల కోకోపీట్ ఇటుకలు రెండు (ఒక్కొక్కటి నానితే 8, 9 లీటర్లు అవుతుంది), 6 కిలోల వర్మీకంపోస్టు. మిగిలిన కోకోపీట్‌ను ఆరబెట్టి దాచుకోవచ్చు.

సిద్ధంగా ఉన్న మిశ్రమం కొనక తప్పనివారు సంచి బరువును కాక, అందులో ఎన్ని లీటర్లు ఉన్నవో చూడాలి. గుల్లగా ఉండే మంచి మిశ్రమం చెమ్మతో లీటరు అర కిలో తూగుతుంది. 5 కిలోల సంచితో రెండు 8 అంగుళాల కుండీలు నిండుతాయి. అదే బరువు గల మట్టి మిశ్రమం తడిగా ఉంటే 4 లీటర్లే. ఒక కుండీ కూడ పూర్తిగా నిండదు. కిలోల లెక్కన కొన్నప్పుడు కొనుగోలుదారు డబ్బు మట్టికి, నీటికి పోతుంది. సంచి చేతికి తేలికగా అనిపిస్తే మోసపోయామని అనుకోనక్కరలేదు.

కడియం వైపు నర్సరీల నుండి వచ్చే మొక్కలు నల్ల పాలిథిన్ సంచులలో బిగుసుకుపోయిన మట్టి గడ్డతో ఉంటాయి. ఆ గడ్డను అలాగే గుల్ల మిశ్రమంలో పెడితే నీరు గుల్లగా ఉన్న భాగం నుండి జారిపోతుంది; గడ్డ లోపల పొడిగానో, లేదా ఎప్పటికీ ఆరని ముద్దగానో మిగులుతుంది. గడ్డను ఒక గంట నీటిలో ఉంచి, అంచుల మట్టిని మూడవ వంతు వరకు వేళ్ళతో మెల్లగా రాల్చి నాటాలి. నాటిన వారం రోజులు మొక్క కొద్దిగా వాడినట్లు కనిపించడం సహజం. అప్పుడు కంగారుపడి ఎరువు వేయరాదు.

ఏడాదికి రెండుసార్లు ప్రతి కుండీని కడగాలి. 5 లీటర్ల కుండీకి 10 లీటర్ల మంచినీటిని గంటసేపు విడతలుగా పోసి, కారిన నీటిని పారబోయాలి. వేసవి నీటి కరువులో ఇది సాధ్యం కాదు కనుక నైరుతి వానలు మొదలయ్యాక ఒకసారి, తుపానుల కాలం ముగిశాక మరొకసారి చేయడం ఈ ప్రాంతానికి అనుకూలం. వానాకాలంలో కుండీలను ఒక రాత్రి డాబా మీద వానలో వదిలితే శ్రమ కూడ ఉండదు. మరునాడు ఎండ ఎక్కకముందే లోపలికి తేవాలి, లేకుంటే నీడకు అలవాటుపడిన ఆకులు మాడుతాయి. రెండేళ్ళు వాడిన మిశ్రమాన్ని పారవేయనక్కరలేదు. గోనెపట్టా మీద పలుచగా పరచి వానకు తడవనిచ్చి, ఆరిన తరువాత జల్లెడ పట్టి, కిందికి రాలిన మెత్తని పొడిని పెరటి మొక్కల పాదులకు వేసి, జల్లెడలో నిలిచిన భాగానికి మూడవ వంతు కొత్త ఊక, ఐదవ వంతు కొత్త కంపోస్టు కలిపి మళ్ళీ కుండీలలో నింపుకోవచ్చు. వేరుకుళ్ళుతో మొక్క చనిపోయిన కుండీలోని మిశ్రమాన్ని మాత్రం ఇందులో కలపకుండా వేరుగా ఉంచాలి.